కాలనౌకలో తాతగారు



రైవతుడను రాజు తన కుమార్తెయైన రేవతికి తగిన వరుని అడుగుటకై ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెననియు, అచ్చట గానము ముగియువఱకు క్షణకాలము వేచియుండునంతలో భూలోకమున 27 మహాయుగములు గడచిపోయెననియు మీరు భాగవతమున వినియున్నారు. కనుక కాలమును దాటి పోవుట యనునది మనకు వింత యూహ కాదు. అట్టి యూహపైననే ఇంగ్లండు దేశమున బి.బి.సి. వారు 1963 నవంబరు 23వ తేదీన 'డాక్టర్ హూ' అను టెలివిజన్ ధారావాహికను ఆరంభించిరి. మొదటి కథకు దర్శకుడు మన లక్నోలో జన్మించిన వారిస్ హుస్సేన్ గారు. 1989లో అది నిలిచిపోయి 2005లో మరల మొదలైనది. నేడు నేను చెప్పదలచినది ఆ కథానాయకుని గూర్చి కాదు; అతనికి తోడుగా పోయిన యొక ముసలివాని గూర్చి.

అయినను నాయకుడెవరో రెండు మాటలు చెప్పక తప్పదు. అతడు వేఱొక గ్రహమువాడు. తన పేరు చెప్పడు, డాక్టరని పిలిపించుకొనును. అతని వాహనము వెలుపలికి నీలిరంగు పెట్టె. పూర్వము ఇంగ్లండు వీథులలో పోలీసువారి టెలిఫోను కొఱకు నిలిపిన పెట్టెవంటిది. లోపల మాత్రము మహాభవనము. దానిలో ఏ కాలమునకైనను పోవచ్చును. మరణము సమీపించినప్పుడు డాక్టరు వేఱొక రూపము దాల్చి లేచును. 1966లో మొదటి నటుడు తప్పుకొనినప్పుడు ఇది కథకు ఉపాయముగా పనికివచ్చినది. కాని రూపముతోపాటు స్వభావమును మాఱును గనుక, పాతవానికి అది చావువంటిదే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

ఈ డాక్టరు వెంట పోవువారు మిక్కిలిగా పడుచువారు. ఇంట నుండి, పోయినవారికై ఎదురుచూచుటయే పెద్దల వంతు. విల్ఫ్రెడ్ మాట్ అను ముసలివాడును మొదట అట్టివాడే. 2007 క్రిస్మసు కథలో, జనులు భయపడి లండను విడిచిపోగా, వీథిలో కదలక వార్తాపత్రికలమ్ముకొనువాడుగా అతడు కొద్దిసేపు కనబడెను. అంతటితో ముగియవలసిన పాత్ర. అయితే డోనా అను నాయికకు తండ్రిగా నటించిన హోవర్డ్ ఆట్‌ఫీల్డ్ గారు ఆ యేడే అక్టోబరులో మరణించుటచేత, రచయిత రస్సెల్ టి. డేవిస్ గారు ఈ పత్రికలవానినే డోనాకు మాతామహునిగా చేసిరి. ఆ వేషము ధరించిన బెర్నార్డ్ క్రిబ్బిన్స్ గారు 1928లో ఓల్డ్‌హామున జన్మించినవారు. ఈ కథల ననుసరించి 1966లో తీసిన యొక చలనచిత్రమున యువకుడైన పోలీసుగా అదే నీలిపెట్టెలో ప్రయాణము చేసినవారు!

విల్ఫ్రెడ్ రాత్రివేళ కొండమీది తన కూరమడి కడకు పోయి, దూరదర్శిని నిలుపుకొని నక్షత్రములను చూచుచుండును. ఒకనాటి రాత్రి ఆ గాజులో నీలిపెట్టెయు, దాని వాకిట నిలిచి చేయి ఊపుచున్న మనుమరాలును కనబడినప్పుడు ఆ వృద్ధుడు చిన్నపిల్లవానివలె గంతులు వేసెను. తనకు దొరకని లోకములు మనుమరాలికి దొరకెనని ఈర్ష్య లేదు.

పిమ్మట కష్టము వచ్చినది. డాక్టరు జ్ఞానమంతయు డోనా మనస్సులోనికి ప్రవేశించెను. మానవ మస్తిష్కము దానిని భరింపలేదు. ఆమెను బ్రతికించుటకై డాక్టరు ఆమె చేసిన ప్రయాణముల జ్ఞాపకములన్నిటిని తుడిచివేసెను. తిరిగి జ్ఞప్తికి వచ్చినచో ఆమె మరణించునట. ఆమె లోకములను కాపాడిన సంగతి తాతకు తెలియును, ఆమెకు తెలియదు. ఎదుట కూర్చుండియు చెప్పరాదు. తన బిడ్డలయొక్క గొప్పతనమును పదిమందికి చెప్పుకొనుట మన వయస్సువారికి మిగిలిన సుఖములలో నొకటి. ఆ సుఖమును అతడు విడిచిపెట్టెను.

2009 క్రిస్మసునాడును, 2010 జనవరి 1వ తేదీనను ప్రసారమైన రెండు భాగముల కథలో విల్ఫ్రెడ్ తానే డాక్టరుకు తోడుగా పోయెను. అందొకచోట ఇరువురును భూమిని క్రిందుగా చూచుచు మాటలాడుకొందురు. ఒకనికి 906 ఏండ్లు, రెండవవాడు ముసలివాడైనను అతని ముందు పసివాడు. 1948లో పాలస్తీనాలో సిపాయిగా నుండియు తాను ఒక్క మనుష్యునైనను చంపలేదని విల్ఫ్రెడ్ చెప్పి, దానిని సిగ్గుపడవలసినదానివలె అనవద్దనెను. నీవు నాకు తండ్రివైనచో గర్వించెదనని డాక్టరు బదులు చెప్పెను. అట్టి సిపాయియే తన పాత తుపాకిని డాక్టరు చేతికిచ్చి, శత్రువును చంపి ప్రాణము కాపాడుకొమ్మని కన్నీటితో వేడుకొనెను. మనుష్యుడు తనకై చేయని పనిని ప్రియమైనవానికై చేయుమని అడుగును గదా!

నాలుగుమార్లు తట్టువాని వలన తనకు చావు కలదని డాక్టరు అంతకుముందే జోస్యము వినియుండెను. శత్రువులు ఓడిపోయిరి. తాను బ్రతికితినని డాక్టరు నేలపైనుండి లేచుచుండగా, మెల్లగా నాలుగు తట్టులు వినబడెను. రెండు గాజుగదులలో ఒకదానియందు ఎల్లప్పుడు ఒకరుండవలెను. చిక్కుకొనిన యొక పనివానిని విడిపించుటకై విల్ఫ్రెడ్ రెండవదానిలోనికి పోయియుండెను. ఇప్పుడు ఆ గదిలోనికి ప్రాణాంతకమైన కిరణములు ప్రవహింపనున్నవి. నన్ను విడిచిపొమ్ము, నేను ముసలివాడను, నా కాలము గడచినదని అతడు బ్రతిమాలుకొనెను.

డాక్టరు కోపముతో మండిపడెను. ఇంకను నేను చేయవలసినది ఎంతయో కలదు, ఇది న్యాయము కాదని అరచెను. ఈ భాగమే నాకు మిక్కిలి నచ్చినది. చిఱునవ్వుతో లోనికి పోయినచో అతడు బొమ్మ యయ్యెడివాడు. అరచి, ఏడ్చి, పిదప ఇది నాకు గౌరవమని చెప్పి గది మార్చుకొనెను. పెద్దకాలము బ్రతికినవాడు వృద్ధునికై ప్రాణమిచ్చుట తెలివితక్కువ బేరమని నాతో చూచిన మనుమడు అనెను. వానికి నేను బదులు చెప్పలేదు. ఎంతకాలము మిగిలియున్నదని లెక్కించి ప్రాణమునకు వెల కట్టవచ్చునా? అట్లు కట్టినచో మనలో చాలమంది వెల ఎంత?

క్రిబ్బిన్స్ గారు 2022 జూలై 27వ తేదీన, 93 ఏండ్ల వయస్సున, పరమపదించిరి. అంతకుముందే చిత్రించిన యొక చిన్న ఘట్టము 2023 డిసెంబరు 2వ తేదీన ప్రసారమైనది. అప్పటికి కథలో డోనాకు జ్ఞాపకములు తిరిగి వచ్చినవి, ఆమె బ్రతికియే యున్నది. చక్రముల కుర్చీలో కూర్చుండి వీథిలో వేచియున్న విల్ఫ్రెడ్, నీలిపెట్టెనుండి వారిరువురును దిగుట చూచి, మీరు వత్తురని ఒక్క నిమిషమైనను సందేహింపలేదనెను.