బరువులెత్తితే మీసాలొస్తాయా?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ సమయానికి పడదు. అయినా అనంతపురం మెట్ట నేల నుంచి క్రీడాకారులు వస్తూనే ఉన్నారు. నార్పల మండలానికి చెందిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్‌పై భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. 2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. మైదానాల భయం పోయినా, బరువుల గది భయం మాత్రం ఇంకా పోలేదు.

అపోహ: బరువులెత్తే ఆడపిల్లలు మగరాయుళ్లలా తయారవుతారు.

వాస్తవం: మగవారి రక్తంలో టెస్టోస్టెరాన్ ఆడవారికన్నా దాదాపు 15 రెట్లు ఎక్కువ. ఎన్ని బరువులెత్తినా ఈ తేడా చెరిగిపోదు. కానీ సాధనతో బలం పెరిగే శాతం ఇద్దరిలోనూ ఇంచుమించు సమానమే. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండ ఉబ్బడం వల్ల కాదు, నరాలు కండను మెరుగ్గా పనిచేయించడం వల్ల వస్తుంది. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే.

అపోహ: వ్యాయామం తర్వాత హార్మోన్లు ఎంత ఎగిస్తే బలం అంత పెరుగుతుంది.

వాస్తవం: ఒక్కో సెట్‌కు పదిసార్లు ఎత్తుతూ, మధ్యలో నిమిషమే ఆగితే టెస్టోస్టెరాన్, గ్రోత్ హార్మోన్ బాగా ఎగుస్తాయి. గంట తిరక్కముందే మళ్లీ దిగిపోతాయి. పెద్ద బరువును ఐదుసార్లే ఎత్తి మూడు నిమిషాలు ఆగితే అవి అంతగా ఎగయవు. అయినా గరిష్ఠ బలం పెంచడంలో ఈ రెండో పద్ధతిదే పైచేయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 12 మంది యువకులతో 15 వారాలు చేయించిన ప్రయోగమూ హార్మోన్లు ఎగిసినంత మాత్రాన బలం పెరగదనే తేల్చింది. ఒక చేతికి మామూలు సాధన. రెండో చేతికి అదే సాధనతో పాటు హార్మోన్లు ఎగిసేలా కాళ్ల వ్యాయామం. చివరికి రెండు చేతుల్లోనూ బలం, కండ ఒకేలా పెరిగాయి.

అపోహ: చిన్నప్పుడే బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుంది.

వాస్తవం: కోచ్ దగ్గరుండి తక్కువ బరువుతో సరిగ్గా నేర్పితే పెరుగుదల ఆగదు. ప్రమాదమంతా ఎవరూ చూడకుండా పందెంగా ఎత్తడంలోనే.

అపోహ: ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కోర్సు వేసుకుంటే నష్టమేమీ లేదు.

వాస్తవం: స్టెరాయిడ్లతో కండ పెరిగే మాట నిజమే. కానీ బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందితే ఒంట్లో సహజంగా తయారయ్యేది తగ్గిపోతుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, గుండె దెబ్బతినవచ్చు. డోపింగ్ పరీక్షలో దొరికితే నాలుగేళ్ల వరకు నిషేధం పడవచ్చు.

అపోహ: ఖరీదైన పౌడరు కొనలేని ఇంట్లో బలం రాదు.

వాస్తవం: అనంతపురం జిల్లా పండించే వేరుశనగలోనే 100 గ్రాములకు సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంది. రాగి సంగటి, పప్పు, గుడ్డు, చెనిక్కాయల చట్నీ కడుపునిండా తింటే సాధనకు పునాది పడినట్టే. అసలు ముప్పు చాలీచాలని తిండితో వస్తుంది. కఠిన సాధన చేస్తూ తక్కువ తినే అమ్మాయిల్లో ఈస్ట్రోజెన్ పడిపోయి నెలసరి ఆగుతుంది, ఎముకలు పలచబడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనిపై హెచ్చరించింది.

తల్లిదండ్రులూ, పీఈటీలూ! మూడు నెలలు నెలసరి రాకపోతే అది బాగా సాధన చేస్తోందనడానికి గుర్తు కాదు. ఆ అమ్మాయిని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, కంచంలో ఇంకో ముద్ద పెట్టండి.