మొక్కజొన్న ఊళ్లలో ఏడు సాయంత్రాలు

అమెరికా నడిమధ్యన అయోవా రాష్ట్రం. కనుచూపు మేరా మొక్కజొన్న, సోయా చేలు. మధ్యలో ఎక్కడో ఒక చిన్న ఊరు, ఆ ఊరికొక బడి. అలాంటి కొన్ని ఊళ్లలో ఆరో తరగతి పిల్లల్నీ, వాళ్ల అమ్మానాన్నల్నీ వారానికొక సాయంత్రం రమ్మని పిలిచారు. వచ్చినవాళ్లకు భోజనం పెట్టారు. వెంట చంటిపిల్లలుంటే చూసుకోవడానికి మనుషుల్ని ఉంచారు. మొదటి గంట పెద్దవాళ్లు ఒక గదిలో, పిల్లలు మరో గదిలో. రెండో గంట అందరూ కలిసి. ఇలా ఏడు వారాలు.

ఇదంతా పిల్లలు మత్తు జోలికి పోకుండా చేయడానికే. కానీ ఆ ఏడు సాయంత్రాల్లో ఎక్కువసేపు నడిచిన మాటలు వేరు. కోపం ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలి? పిల్లవాడు మాట విననప్పుడు అరవకుండా, కొట్టకుండా హద్దు ఎలా గీయాలి? స్నేహితుడు తప్పు పనికి రమ్మంటే, స్నేహం చెడకుండా ఎలా తప్పుకోవాలి? అమ్మానాన్నల కష్టం పిల్లలకు ఎలా తెలియాలి, పిల్లల బెంగ పెద్దవాళ్లకు ఎలా తెలియాలి? మత్తు గురించిన పాఠంలో మత్తు కంటే ఇల్లే ఎక్కువగా ఉండటం నన్ను మొదట ఆశ్చర్యపరిచింది. తర్వాత ఆలోచిస్తే, చెప్పవలసింది అక్కడే ఉందనిపించింది.

ఈ ప్రయత్నం పేరు ప్రాస్పర్. అయోవా స్టేట్ యూనివర్సిటీలో రిచర్డ్ స్పోత్ బృందం, పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి దీన్ని నడిపారు. 2002లో రెండు రాష్ట్రాల్లోనూ కలిపి 28 గ్రామీణ, చిన్న పట్టణ ప్రాంతాల్ని ఎంచుకున్నారు. చీటీలు వేసినట్టుగా వాటిని రెండు భాగాలు చేసి, 14 చోట్ల కార్యక్రమం నడిపారు, మిగతా 14 చోట్ల మామూలుగా వదిలేశారు. అలా చేస్తేనే కదా, వచ్చిన మార్పు దేనివల్ల వచ్చిందో నమ్మకంగా చెప్పగలిగేది!

పల్లెల్నే ఎందుకు ఎంచుకున్నారు? పల్లె అంటే పట్నం కంటే పదిలమని అక్కడా ఒక నమ్మకం ఉండేది. అది నిజం కాదు. పల్లెలోనూ పిల్లలు తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు, ఇంట్లో పెద్దవాళ్లకు డాక్టరు రాసిన నొప్పి మాత్రలు మింగుతారు. పైగా వైద్యం చేసేవాళ్లు దూరంగా ఉంటారు. అందరికీ అందరూ తెలిసినవాళ్లే కాబట్టి, మా ఇంట్లో ఇలా ఉందని చెప్పుకోవడానికి ప్రాణం ఒప్పదు. అయితే ఆ తెలిసినతనంలోనే పల్లెకు ఒక బలమూ ఉంది. పిలిస్తే వచ్చేవాళ్లు నలుగురుంటారు.

ఆ నలుగురిని కూడగట్టే పని ఎవరికిచ్చారో చూడండి. పోలీసులకు కాదు, వ్యవసాయ విస్తరణ సిబ్బందికి. తెలంగాణలో మనం ఏఈఓ అని పిలుచుకునే ఉద్యోగిలాంటి వాళ్లు అక్కడి పల్లె ప్రాంతాల్లోనూ ఉంటారు. 1914 నాటి చట్టంతో మొదలైన వ్యవస్థ అది. విత్తనం, ఎరువు మాత్రమే కాక, ఇంటి నిర్వహణ, పిల్లల పెంపకం గురించి చెప్పే బాధ్యత కూడా వాళ్లదే. విస్తరణ ఉద్యోగి ముందుండి, బడి తరఫున ఒకరు తోడుండి, మానసిక ఆరోగ్యం చూసేవాళ్లు, తల్లిదండ్రులు, ఒకరిద్దరు యువకులు కలిసి చిన్న బృందంగా ఏర్పడ్డారు. వాళ్లకు సలహా అవసరమైతే విశ్వవిద్యాలయం మనిషి ఫోను అందుకుంటాడు. ఊరికి తెలిసిన మనిషి పిలవడం, పై చదువులు చదివినవాళ్లు దారి చూపడం, రెండూ కలిసి నడిచాయి. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో వెలసిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయం అదే అమెరికన్ నమూనాలో, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సహకారంతో పెరిగిందే. మనం అక్కడి నుంచి వ్యవసాయ పరిజ్ఞానాన్ని తెచ్చుకున్నాం. ఇల్లూ, పిల్లల పెంపకమూ చూసే రెండో సగాన్ని అంతగా తెచ్చుకోలేదు.

మళ్లీ ప్రాస్పర్‌కు వస్తే, ఆరో తరగతిలో ఇంటివాళ్లతో సాయంత్రాలు, ఏడో తరగతిలో బడిలో పాఠాలు. ఆ పాఠాల్లో ముఖ్యమైనది ఒకటుంది: 'అందరూ తాగుతున్నారు, నేనొక్కడినే వెనకబడ్డాను' అన్న అపోహను తుడిచేయడం. నిజానికి ఆ వయసు పిల్లల్లో ఎక్కువమంది తాగరు. కానీ తాగేవాళ్ల మాటే గట్టిగా వినిపిస్తుంది. భయపెట్టే ఉపన్యాసాలతో ఈ అపోహ పోదు. 1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలై దేశమంతా పాకిన డేర్ అనే కార్యక్రమంలో పోలీసు అధికారులే బడికి వచ్చి పాఠాలు చెప్పేవారు. పిల్లల అలవాట్లలో దానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

పదకొండు పన్నెండేళ్ల వయసే ఎందుకు? పదిహేనేళ్ల లోపే తాగడం మొదలుపెట్టినవాళ్లలో 40 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని, ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతమేనని 1997లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. మొదటి గుక్కను నాలుగైదేళ్లు ఆలస్యం చేయగలిగితే చాలా నష్టం తప్పవచ్చు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. సాయంత్రాలకు ఊళ్లో అందరూ వచ్చారా? లేదు. సుమారు 17 శాతం కుటుంబాలే వచ్చాయి. అంత తక్కువమంది వస్తే ఊరు మారుతుందా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. పరిశోధకులు పిల్లలను 'నీకు దగ్గరి స్నేహితులెవరు' అని అడిగి, ఎవరు ఎవరి పేరు రాశారో చూసుకుంటూ స్నేహాల పటం గీశారు. చెరువు నిండితే చుట్టుపక్కల బావుల్లో నీళ్లూరినట్టు, ఆ సాయంత్రాలకు వెళ్లిన స్నేహితులున్న పిల్లల్లో, తాము వెళ్లకపోయినా, తాగి మత్తెక్కడం, సిగరెట్లు కాల్చడం తగ్గాయి. కార్యక్రమం నడిచిన ఊళ్లలో పెడదారి పట్టిన పిల్లలకు తోటివాళ్ల మధ్య ఉండే పలుకుబడి కూడా తగ్గింది. పన్నెండో తరగతి వరకూ ఆ పిల్లల్ని గమనిస్తే, కార్యక్రమం నడవని ఊళ్ల కంటే మత్తు వాడకం తక్కువగానే ఉంది. తేడా అద్భుతమేమీ కాదు, కొద్దికొద్దిగానే. కానీ ఏడు సాయంత్రాలకూ కొన్ని పాఠాలకూ ఆరేళ్లు నిలిచిన ఫలితం నా దృష్టిలో చిన్నది కాదు.

మన దగ్గర గంజాయిని పట్టుకోవడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈగల్ పేరుతో ప్రత్యేక పోలీసు విభాగాలను పెట్టుకున్నాయి. అవి అవసరమే. అయితే సరుకును పట్టుకునేవాళ్లు ఉన్నట్టు, దాన్ని ఇంకా ముట్టని పన్నెండేళ్ల పిల్లవాణ్ణి పట్టించుకునే బాధ్యత ఊళ్లో ఎవరిది? మాదక ద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయిస్తే ఆ పని అయిపోదు. మనుషులు లేరని కూడా అనలేం. ఆశా కార్యకర్త, పొదుపు సంఘం, పంతులుగారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు కదిలితే 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఆ కదలికకు ముందు వాళ్ల దగ్గర ఉన్నది కొన్ని వాచకాలూ, కలిసి కూర్చునే అలవాటూ.

మీ ఊరి బడిలో ఈ ఏడాది ఆరో తరగతిలో ఎంతమంది ఉన్నారో ఒకసారి కనుక్కోండి. ఆ ఇళ్లవాళ్లను భోజనానికి పిలవగలిగే మనిషి ఎవరో ఆలోచించండి. ఇప్పటికే బిడ్డ మత్తులో చిక్కుకున్న ఇల్లు మీకు తెలిస్తే, ఈ నంబరు వాళ్లకు చెప్పండి: 14446. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ వ్యసన విముక్తి సహాయ కేంద్రానికి ఫోను చేయడానికి డబ్బు ఖర్చు కాదు.