ఫ్లఫీ అంటే ఒట్టి మెత్తన కాదు!

మెత్తదనం గురించి మన ఇళ్లలో రోజుకెన్ని మాటలు దొర్లుతాయో ఎప్పుడైనా గమనించారా? ఇడ్లీ గుల్లగా రావాలి. అన్నం పొడిపొడిగా ఉండాలి, అదే పథ్యం తినేవాళ్లకైతే మెత్తగా ఉడకాలి. బెండకాయలు లేతగా ఉండాలి. పట్టుచీర నున్నగా జారాలి. పరుపు దూదిలా ఉండాలి. ఇన్ని మాటలు తడుముకోకుండా వాడే మనం ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి 'సాఫ్ట్' అన్న ఒక్కదాన్నే పట్టుకుని వేలాడతాం. ఇడ్లీ సాఫ్టే, చీర సాఫ్టే, పిల్లాడి బుగ్గా సాఫ్టే!

గాజువాకలో మా వరండాలో మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్లకి ఇంగ్లీషు చెబుతుంటాను. అందులో ఒకమ్మాయి బట్టల దుకాణంలో పని చేస్తోంది. తువ్వాళ్లు, దుప్పట్లు, పసిపిల్లల బట్టలు ఉండే కౌంటరు ఆమెది. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం కదా, ఎక్కడెక్కడి రాష్ట్రాల కుటుంబాలో ఇక్కడికి వస్తుంటాయి. అలా వచ్చినావిడే ఒకరు 'దీనికన్నా ఫ్లఫీగా ఉన్న టవలు చూపించ'మని ఇంగ్లీషులో అడిగారట. ఈ పిల్ల మెత్తనిది అనుకుని పల్చటి నున్నటి టవలు తీసి పరిచింది. ఆవిడ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. ఇంకోసారి ఇలాగైతే కౌంటరు నుంచి తీసేసి వెనక గొడౌనులో మడతలు పెట్టే పనికి వేస్తామన్నారు. గొడౌనులో కమీషన్ ఉండదు. ఆ కమీషన్‌తోనే ఆమె తమ్ముడి ఫీజు కడుతోంది.

"సాఫ్టు అంటే సరిపోదేటండీ, టీచరుగారూ?" అని అడిగింది.

సరిపోదు. కానీ ఎందుకు సరిపోదో చెప్పడమే కష్టం. నిఘంటువు తీస్తే 'మెత్తని, నూగు వంటి' అని ఉంటుంది. అది చదివితే తెలిసిన మాట దగ్గరకే మళ్లీ వచ్చి కూలబడతాం. ఇలాంటి మాటలు కంటికి కాదు, చేతికి తెలియాలి. అందుకని మర్నాడు ఎవరింట్లో ఉన్నవి వాళ్లని పట్టుకు రమ్మన్నాను.

ఒకరు కొత్త టవలు తెచ్చారు. దానిమీద చిన్నచిన్న దారపు ఉచ్చులు నిక్కి నిలబడి ఉంటాయి. వాటి మధ్య గాలి ఉంటుంది. నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. అది ఫ్లఫీ. అదే టవలు బోరునీళ్లలో పదిసార్లు ఉతికి ఎండలో వేస్తే ఉచ్చులు బిగుసుకుని గరుకుదేలుతుంది, ఇక ఆ మాట దానికి తగదు. పట్టుచీర మెత్తగా ఉన్నా ఫ్లఫీ కాదు, అందులో గాలి లేదు. అది సిల్కీ. మాడుగుల హల్వా నోట్లో కరుగుతుంది, అదీ ఫ్లఫీ కాదు. మినప్పిండి బాగా గిలకొట్టి, రాత్రంతా పులియబెట్టి వేసిన ఇడ్లీ మాత్రం ఫ్లఫీనే. పిండి పులిసినప్పుడు పుట్టే గాలిబుడగలే దాన్ని గుల్లగా లేపుతాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవంతా అన్నం దగ్గర వచ్చింది. ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో అన్నం ఫ్లఫీగా రావాలంటారు, అంటే మెతుకుకి మెతుకు అంటకుండా పొడిపొడిగా. "పొడిగా ఉన్నది మెత్తనెలాగవుద్దండీ?" అని వరండా అంతా ఏకమై నామీదకొచ్చారు! న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు నేను చెప్పలేదు, పొందూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెప్పింది. శ్రీకాకుళం జిల్లాలో సన్నఖాదీకి పేరుపడ్డ ఊరది. అక్కడి ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్లకి నలుసులు చిక్కుకుని పత్తి శుభ్రపడుతుంది. ఆ తర్వాత దూదిని ఏకుతారు. "ముద్దగా ఉన్న దూది కూడా మెత్తగానే ఉంటది తల్లీ. ఏకినాక పోగుకి పోగు విడిపోయి ఇంతెత్తున పొంగుతది. మీ మాట దానికే గావాల" అందావిడ. అన్నం మెతుకులు విడిపోవడమూ అదే కదా! ఫ్లఫీలో అసలు సంగతి మెత్తదనం కాదు, విడివడి పొంగడం. బడి గుమ్మం తొక్కని మనిషి నా పని సగం చేసిపెట్టింది.

(ఏకై వచ్చి మేకై కూర్చున్నాడంటాం చూడండి, ఆ ఏకు ఈ దూది చుట్టే. సామెత నోట్లో ఆడుతున్నా ఏకు ఎలా ఉంటుందో మా తరగతిలో ముగ్గురికి తెలియదు.)

ఈ ఊరు ఇంగ్లీషు నేర్చుకున్న తీరే అది. 1933లో ఓడరేవు మొదలైనప్పుడు, 1992లో పి.వి. నరసింహారావుగారు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినప్పుడు, పనిలో దిగినవాళ్లు క్రేను, కోక్ ఓవెను, బ్లాస్ట్ ఫర్నేసు అనే మాటల్ని పుస్తకాల్లో వెతుక్కోలేదు. ఆ వేడి దగ్గర నిలబడి నేర్చుకున్నారు. పైగా ఆ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన పేర్లే పెట్టుకున్నారు. మగవాళ్లకి ఇనుము నేర్పిన ఇంగ్లీషు, మనకి తువ్వాళ్లు నేర్పితే తప్పేముంది?

ఇంకొక్క మాట. బొద్దుగా ఉన్న మనిషిని ముద్దుకైనా ఫ్లఫీ అనకండి, నొచ్చుకుంటారు. పిల్లి, కుక్కపిల్ల, మబ్బు, కోడిపిల్ల... వీటికి నిక్షేపంగా వాడొచ్చు. నొక్కితే లోపలికి దిగి మళ్లీ లేచే కేకుకి స్పాంజీ అనొచ్చు. మరీ ఉడికి ముద్దయిన అన్నం మషీ.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండు టవళ్లు పక్కపక్కన పరిచి, ఇది సాఫ్ట్, ఇది ఫ్లఫీ అని కొన్నవాళ్ల చెయ్యి పట్టించి మరీ చూపిస్తోందట. ఈ నెలకి కౌంటరు మీదే ఉంది. వచ్చే నెల మాట దుకాణం వాళ్లకే తెలియాలి. నిన్న మాత్రం సంచీలోంచి బొమ్మ ఎలుగుబంటి ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది. దాని మెడలో చీటీ మీద 'ప్లష్' అని ఉంది.

"ఇది మరేటండీ?"