పేరెంట్ స్క్రీన్, చైల్డ్ స్క్రీన్: ఒకే డేటా ఇద్దరికీ ఎలా అందాలి?

పరిచయం

ఇవాళ స్విఫ్ట్‌యూఐ యాప్‌లో నావిగేషన్ చేసేటప్పుడు పేరెంట్, చైల్డ్ ఫీచర్లు స్టేట్‌ని ఎలా పంచుకోవాలో చూద్దాం. ఒక కిరాణా యాప్ తీసుకుందాం. మొదటి స్క్రీన్ బుట్ట: అందులో సరుకుల లిస్టు, కింద మొత్తం ధర. సరుకు మీద నొక్కితే డీటెయిల్ స్క్రీన్ వస్తుంది.

నడిపి చూద్దాం. బియ్యం 2 కిలోలు ఉంది. నొక్కాను, స్టెపర్‌తో 5 చేశాను. డీటెయిల్‌లో 5 కనిపిస్తోంది. ఇప్పుడు వెనక్కి వెళ్తున్నా... చూశారా, బుట్టలో ఇంకా 2 అనే ఉంది. మొత్తం ధర కూడా మారలేదు. యాప్ క్రాష్ అవ్వలేదు, కంపైలర్ కూడా ఏమీ అనలేదు. అసలు భయపడాల్సింది ఇలాంటి బగ్‌కే. వాడేవాళ్లు 5 కిలోలు అనుకుని ఆర్డర్ పెడతారు, ఇంటికి 2 కిలోలే వస్తాయి.

కాపీ ఎక్కడ పుట్టింది?

మన సరుకు ఒక స్ట్రక్ట్. స్ట్రక్ట్ వాల్యూ టైప్ కాబట్టి ఎవరికిచ్చినా కాపీయే వెళ్తుంది. ఆ కాపీని డీటెయిల్ వ్యూలో స్టేట్‌గా పెట్టారు. స్టేట్ అని రాయడమంటే 'ఈ డేటాకి ఓనర్‌ని నేనే' అని చెప్పడం. పేరెంట్ ఇచ్చింది మొదటి విలువ మాత్రమే. ఆ వ్యూ ఉన్నంతసేపూ స్విఫ్ట్‌యూఐ లోపలి విలువనే పట్టుకుని ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. డీటెయిల్ తెరిచి ఉండగా సర్వర్ నుంచి కొత్త ధర వచ్చి బుట్ట మారిందనుకోండి, డీటెయిల్‌లో పాత ధరే కనిపిస్తుంది. అంటే ఒక నిజానికి ఇద్దరు ఓనర్లు అయ్యారు.

మొదటి దారి: బైండింగ్

చైల్డ్‌లో స్టేట్ తీసేసి బైండింగ్ పెడదాం. అప్పుడు చైల్డ్ దగ్గర సొంత డేటా ఉండదు. చదివినా రాసినా పేరెంట్ డేటా మీదే. 5 అనగానే బుట్టలోనూ 5 అవుతుంది.

కానీ నావిగేషన్‌స్టాక్‌తో ఒక చిక్కుంది. 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన ఈ పద్ధతిలో పాత్‌లోకి మనం ఒక విలువని తోస్తాం. సరుకు మొత్తాన్ని తోస్తే మళ్లీ కాపీయే! పాత్‌లో ఉన్నది పాతబడిపోతుంది. అందుకని పాత్‌లో సరుకు ఐడీ మాత్రమే పెట్టండి. డెస్టినేషన్‌లో ఆ ఐడీతో బుట్టలో వెతికి, దొరికినదానికి బైండింగ్ తయారు చేయండి.

'ఐడీ ఎందుకు, అర్రే ఇండెక్స్ చాలదా?' అనొచ్చు. చాలదు. డీటెయిల్ తెరిచి ఉండగా బుట్టలోంచి ఒక సరుకు పోయిందనుకోండి. ఇండెక్స్ 3 ఇప్పుడు వేరే సరుకుని చూపిస్తుంది, లేదా అర్రే హద్దు దాటి యాప్ క్రాష్ అవుతుంది. ఐడీ అయితే 'దొరకలేదు' అన్న సంగతి తెలుస్తుంది. అప్పుడేం చేయాలో మనం నిర్ణయించుకోవచ్చు.

రెండో దారి: డ్రాఫ్ట్, కాల్‌బ్యాక్

ఇప్పుడు డీటెయిల్‌ని షీట్‌గా మార్చి, 'సేవ్', 'క్యాన్సిల్' బటన్లు పెట్టామనుకోండి. ఇక్కడ బైండింగ్ తప్పు. వాడేవాళ్లు క్యాన్సిల్ నొక్కేలోపే బుట్ట మారిపోయి ఉంటుంది.

ఇందాక బగ్ అనుకున్న కాపీయే ఇక్కడ మనకు కావాలి. చైల్డ్‌కి కాపీ ఇద్దాం, దాన్ని స్టేట్‌గానే ఉంచుకోనిద్దాం. సేవ్ నొక్కితే ఒక క్లోజర్ ద్వారా కొత్త విలువని పేరెంట్‌కి పంపుతుంది. క్యాన్సిల్ నొక్కితే కాపీతో పాటే మార్పులూ పోతాయి. వచ్చిన విలువని ఒప్పుకోవాలా వద్దా అన్న అధికారం పేరెంట్‌దే. స్టాక్ లేకపోతే వద్దనొచ్చు.

మూడో దారి: అబ్జర్వబుల్ క్లాస్

బుట్ట నుంచి అడ్రస్, అక్కడి నుంచి పేమెంట్, ఆఖరికి సమ్మరీ. ఇలా నాలుగైదు స్క్రీన్ల లోతుకి వెళ్తే, మధ్యలో అవసరం లేని స్క్రీన్లు కూడా బైండింగ్‌ని మోయాల్సి వస్తుంది. అప్పుడు బుట్టని ఒక క్లాస్ చేయండి. 2023లో ఐఓఎస్ 17తో వచ్చిన అబ్జర్వబుల్ మాక్రో పెట్టి, ఎన్విరాన్‌మెంట్ ద్వారా అందించండి. క్లాస్ రిఫరెన్స్ టైప్ కాబట్టి అందరూ చూసేది ఒకే వస్తువుని.

ఈ సౌకర్యానికి ఖర్చు ఉంది. ఎవరైనా ఎక్కడి నుంచైనా మార్చేయొచ్చు. 'ధర ఎవరు మార్చారు?' అని వెతకడం కష్టమవుతుంది. టెస్టుల్లోనూ అంతే. స్ట్రక్ట్ అయితే ముందు ఒక కాపీ తీసిపెట్టి, తర్వాత దానితో పోల్చొచ్చు. క్లాస్‌లో 'ముందు', 'తర్వాత' రెండూ ఒకే వస్తువు. అందుకే సెట్టర్లని ప్రైవేట్ చేసి, మార్పులన్నీ రెండు మూడు మెథడ్ల ద్వారానే జరిగేలా చూసుకోండి.

ఏది ఎప్పుడు?

కోడ్ రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ డేటాకి ఓనర్ ఎవరు? చైల్డ్‌లో చేసిన మార్పు వెంటనే కనిపించాలా, సేవ్ అన్నాకే కనిపించాలా? ఎన్ని స్క్రీన్ల లోతుకి వెళ్లాలి? వెంటనే అయితే బైండింగ్, సేవ్ అన్నాకే అయితే డ్రాఫ్ట్, చాలా లోతైతే అబ్జర్వబుల్ క్లాస్. ఒకే యాప్‌లో మూడూ ఉండొచ్చు, తప్పేం లేదు. ఒక్కో డేటాకి ఓనర్ మాత్రం ఒక్కరే ఉండాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బుట్టకి టెస్టులు రాద్దాం. అప్పటిదాకా మీ యాప్‌లో పేరెంట్ ఇచ్చిన విలువని చైల్డ్ స్టేట్‌గా పెట్టుకున్న చోట్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి వెతికి చూడండి. ఉంటానండి.