ఈ ‘ఫ్లాప్’ హిట్టయింది!

సినిమా లోకంలో వినకూడని మాట ఏదయ్యా అంటే ‘ఫ్లాప్’! ఆ మాట ఒక డాక్టరు నోట విని మా మామ మొహం ఎలా మాడిపోయిందో నేను కళ్ళారా చూశాను.

మామది మదనపల్లె దగ్గర కురబలకోట. ఈ తరం పాఠకులు చూసి ఉండరుగానీ, ఒకప్పుడు సినిమా మారితే జట్కాకి మైకు కట్టి, రంగు కాగితాలు విసురుతూ ఊరూరా చాటేవాళ్ళు. మా వైపు ఆ మైకులో గొంతు మామదే. జట్కా పోయి ఆటో వచ్చింది, గొంతు మాత్రం మారలేదు. "నేడే...!" అని మామ రాగం తీస్తే నిక్కర్లేసుకున్న మేమంతా ఆటో వెంట పరుగో పరుగు! తెర మీద హీరో ఎవరైతేనేం, మాకు మామే హీరో.

ఆ గొంతుకి బీడీ తోడు. కొన్నేళ్ళ క్రితం గొంతు బొంగురుపోతే, జాతరలో అరిచి అరిచి అయి ఉంటుందనుకుని మిరియాల కషాయంతో నాలుగు నెలలు గడిపేశాడు. (మూడు వారాలు దాటిన బొంగురుని అలా వదిలేయకూడదట. అప్పట్లో నాకూ తెలీదు.) తీరా చూస్తే కాన్సర్. రేడియేషన్ ఇచ్చారు. మా ఊళ్ళో దాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఏడాది తిరక్కుండా జబ్బు మళ్ళీ తలెత్తింది. ఈసారి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, ఇక దాన్లోంచే ఊపిరి.

పదో రోజు మెడ మీద కట్టు తడిసింది. మింగిన ఉమ్మి కుట్ల సందులోంచి బయటికి వచ్చేస్తోంది! లోపలి గొంతుకీ పైచర్మానికీ మధ్య దారి పడిందన్నమాట. రేడియేషన్ తగిలిన చోట సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తం చాలని చోట కుట్టు సరిగా అతకదు. పైగా పక్కనే మెదడుకి రక్తం మోసే పెద్ద నాళం. ఉమ్మిలో నానుతూ ఉంటే అది పగిలే ప్రమాదం ఉంది. ముక్కులోంచి ట్యూబు వేసి, నోట్లో చుక్క నీళ్ళు పొయ్యకుండా మూడు వారాలు కట్లు కట్టారు. మూసుకోలేదు. అప్పుడన్నాడు డాక్టరు, "ఇక ఫ్లాప్ వెయ్యాలి" అని.

మామ పలక లాక్కుని రాశాడు: "నలభై ఏళ్ళు అన్ని బొమ్మల్నీ సూపర్ హిట్టనే చెప్పినా. నాకు ఫ్లాపా?"

డాక్టరు పడీ పడీ నవ్వి, కాగితం మీద గీసి చూపించాడు. ఛాతీ మీది చర్మాన్ని కింది కండతో సహా లేవదీస్తారు. కానీ పూర్తిగా తెంచరు. దానికి రక్తం తెచ్చే నాళాన్ని అలాగే ఉంచి, ఆ ముక్కని మెడలోకి తిప్పి, చిల్లు పడ్డ చోట కుడతారు. రేడియేషన్ తగలని కండ కదా, తన రక్తం తాను తెచ్చుకుంటుంది. మామిడికి అంటు కట్టేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అతికేదాకా తల్లి చెట్టు నుంచి కొమ్మని కోస్తారా? 1979లో స్టీఫన్ ఆరియన్ అనే అమెరికా సర్జన్ ఈ పద్ధతిని వివరించాక ప్రపంచమంతా పాకింది. ఒక్క తమాషా... ఛాతీ మీద వెంట్రుకలుంటే గొంతులో కూడా మొలవచ్చట!

ఆ మాటకొస్తే ఈ విద్య మన దేశానికి పాతదే. టిప్పు సైనికులు ముక్కు కోసిన కౌసాజీ అనే బండివాడికి నుదుటి చర్మం దించి కొత్త ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నాకు నిద్ర పట్టలేదు. సినిమా రాతలు రాసుకు బతికేవాణ్ణి, గుర్తొచ్చేదీ సినిమా మనుషులే. ‘బెన్ హర్’లో రోమన్ సేనానిగా వేసిన జాక్ హాకిన్స్ గుర్తొచ్చాడు. 1966లో కాన్సర్ వల్ల ఆయన స్వరపేటిక తీసేశారు. అయినా నటన మానలేదు. చార్లెస్ గ్రే లాంటి వాళ్ళు గొంతు అరువిచ్చారు. డబ్బింగ్ మనకేం కొత్త! కానీ మళ్ళీ మాట్లాడాలన్న ఆశతో 1973లో ఆపరేషన్ చేయించుకున్నాడు. తర్వాత రక్తస్రావమై ఆ జూలైలోనే కన్నుమూశాడు.

అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌ది ఇంకో కథ. 2006లో కాన్సర్ పట్టిన దవడ ఎముక కొంత తీశాక ఆయనకి మెడలో పెద్ద రక్తనాళమే పగిలింది. ఒంట్లో మరోచోటి నుంచి కండ తెచ్చి అతికితే నిలవలేదు. నిజంగానే ఫ్లాప్! మాటా పోయింది, నోటితో తినడమూ పోయింది. ఆయన పాత డీవీడీ వ్యాఖ్యానాల్లోంచి ఏరి 2010లో కంప్యూటరు గొంతు తయారుచేసి ఇచ్చారు. 2013లో పోయేదాకా రివ్యూలు రాస్తూనే ఉన్నాడు. తిండి పోయినందుకు కాదు, నలుగురితో కూర్చుని కబుర్లాడుతూ తినడం పోయినందుకే బెంగ అని రాసుకున్నాడాయన.

ఈ రెండు కథలూ మామకి చెప్పలేదు. పొద్దున్నే మాత్రం ఉండబట్టలేక అడిగాను. "మామా, ఇంత కోత కోసినా గొంతు రాదంట. ఆలోచించుకున్నావా?"

మామ నాకేసి ఎగాదిగా చూసి పలక మీద రెండే మాటలు రాశాడు: "నీళ్ళు తాగల్ల."

నాకు సిగ్గేసింది. నెల్రోజులుగా నేను ఆ గొంతు గురించే ఏడుస్తున్నాను. ఆయన దాహంతో ఉన్నాడు.

ఆపరేషన్ అయింది. ఛాతీ మీద ఇంత పొడుగు కోత, మెడ ఒక పక్క లావుగా ఉబ్బు. రెండు వారాల తర్వాత మందు మింగించి ఎక్స్‌రేలో చూశారు. ఎక్కడా కారలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చారు. మామ కళ్ళు మూసుకుని ఒక్కో గుటకా మింగుతుంటే, అత్త వెళ్ళి మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. మళ్ళీ పెట్టి చూసింది. పొడిగానే ఉంది.

పోయిన నెల కురబలకోట వెళ్ళాను. టీ అంగడి దగ్గర మామ జేబులోంచి టార్చిలైటంత యంత్రం తీసి బుగ్గకి ఆనించుకున్నాడు. ఉబ్బిన మెడ మీద సరిగా పలకదట, అందుకే బుగ్గ. బుర్రుమంటూ మాట వచ్చింది. "రెండు టీ." ఎత్తూ లేదు, పల్లమూ లేదు, రోబో సినిమాలా ఉంది. అంగడి కుర్రాడు అదిరిపడ్డాడు.

మామకి హుషారొచ్చింది. మళ్ళీ యంత్రం ఆనించి, నా వైపు చూసి కన్నుగీటాడు.

"నేడే" అన్నాడు.