ఖత్నా గాయానికి చికిత్స ఉంది, దాచుకోవద్దు



నలుగురిలో మాట్లాడుకోని ఒక బాధను గురించి ఈసారి చెప్పదలిచాము. వైద్య అవసరం ఏమీ లేకుండా ఆడపిల్లల జననాంగంలో కొంత భాగాన్ని కోసివేయడాన్ని స్త్రీల సున్తీ లేక ఖత్నా అంటారు. 2024లో యునిసెఫ్ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా స్త్రీలు, బాలికలు దీనికి గురయ్యారు. మన దేశంలో దావూదీ బోహ్రా సమాజంలో ఈ ఆచారం ఉంది. దీనిని ఆపాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. మన కోకాపేటకు దగ్గరలోని టోలీచౌకిలో సూడాన్, సోమాలియాల నుండి చదువులకు వచ్చినవారు కూడా ఉంటారు. ఆ రెండు దేశాలలో ఇది చాలా ఎక్కువ.

బాధ ఏమిటి?

అందరికీ ఒకే విధంగా కోయరు. కొందరికి క్లిటోరిస్ పైచర్మాన్ని, కొందరికి క్లిటోరిస్‌నే కోస్తారు. మరికొందరికి యోని ద్వారాన్ని చిన్న రంధ్రం మాత్రం ఉంచి మూసివేస్తారు. వీరికి మూత్రం, బహిష్టు స్రావం సరిగా బయటికి రావు. కాన్పు కష్టమవుతుంది.

ఏ ఆపరేషన్లు ఉన్నాయి?

మొదటిది, మూసుకున్న భాగాన్ని తెరిచే ఆపరేషన్. మత్తు ఇచ్చి, మచ్చను నిలువుగా కోసి, రెండు అంచులను వేరువేరుగా కుడతారు. దీనిని కాన్పుకు ముందుగాని, కాన్పు సమయంలోగాని చేయవచ్చు. కాన్పు తరువాత తిరిగి మూసి కుట్టించుకోకూడదు.

రెండవది, మచ్చను తొలగించి, లోపల మిగిలిన క్లిటోరిస్ భాగాన్ని పైకి తెచ్చే ఆపరేషన్. ఫ్రాన్స్ వైద్యుడు పియెర్ ఫోల్డెస్ 1998 నుండి 2009 వరకు 2,938 మందికి దీనిని చేశారు. ఏడాది తరువాత పరీక్షకు వచ్చినవారు 866 మందే. వారిలో ఎక్కువమందికి నొప్పి తగ్గింది, లేదా పెరగలేదు. మిగిలినవారి సంగతి తెలియనందున ఇది అందరికీ మేలు చేస్తుందని చెప్పలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016 మార్గదర్శకాలలో దీనిని సిఫారసు చేయలేదు. నొప్పి తగ్గే చికిత్స, మనసుకు ధైర్యమిచ్చే కౌన్సెలింగ్ ముందుగా పొందాలి.

మీరు చేయవలసింది

గర్భవతి అయిన వెంటనే ఈ సంగతి నర్సుకు చెప్పండి. నొప్పులు మొదలయ్యాక తెలిస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఒంటరిగా మాట్లాడాలంటే అడగండి. మీరు చెప్పినది మేము ఇతరులకు చెప్పము. భర్తలు, అత్తగార్లు ఆమెను నిందించవద్దు. ఏమీ తెలియని పసితనంలో ఇతరులు చేసిన గాయమది. మీ ఇంటి ఆడపిల్లకు ఆ గాయం కానివ్వకండి.