యురేనియపు గని – పొరుగువారి లెక్క



కడప సీమయందు పులివెందులకు చేరువను తుమ్మలపల్లె యను గ్రామము కలదు. అచ్చటి రాతియందు యురేనియ మున్నది. ఆ రాతిని త్రవ్వి శుద్ధిచేయు పని 2012వ సంవత్సరమున ప్రారంభమైనది. తరువాత బోరునీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతినినవనియు చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి. ఖనిజము గల నేలలో నీటియందు యురేనియము సహజముగనే యుండునని యురేనియము కార్పొరేషనువారు బదులు చెప్పిరి. ఇట్టి వాదమును తీర్పగల లెక్క యెట్టిదో నేడు విన్నవించెదను.

టన్ను రాతిని నలుగగొట్టినను అచ్చట అరకిలో యురేనియము రాదు. కావున త్రవ్విన రాయి దాదాపు అంతయు బురదయై వ్యర్థపు చెరువును చేరును. యురేనియమును తీసివేసినను దాని సంతతియగు థోరియము-230, రేడియము-226 ఆ బురదలోనే నిలుచును. రాతియందలి రేడియో ధార్మికతలో నూటికి సుమారు 85 పాళ్లు అందే యుండును. రేడియము సగమగుటకు 1600 ఏండ్లు పట్టును. గనిపని కొన్ని దశాబ్దములలో ముగియవచ్చును గాని, చెరువునకు కావలి మనుమల మనుమలకు గూడ తప్పదు.

అచ్చటినుండి మనుష్యుని చేరుటకు త్రోవలు నాలుగు. రేడియమునుండి పుట్టు రేడాన్ వాయువు ఊపిరితో లోనికి పోవును. ఎండిన బురద ధూళియై గాలిలో లేచును. గామా కిరణములు దగ్గర మసలువారిని వెలుపలినుండియే తాకును. నాలుగవది నీరు, దాని వెంట పైరులు, పాలు, మాంసము. కంచెయొద్ద గామా కిరణములను కొలుచు యంత్రమొకటి నిలిపినచో మూడవ త్రోవ మాత్రమే తెలియును. తక్కిన వానికై గాలిని, ధూళిని, నీటిని వేరువేరుగ పరీక్షింపవలెను. ఎవరు ఏ బావినీరు త్రాగుచున్నారు, ఏ తోటకూర తినుచున్నారు, పొలమున నెన్ని గంటలుందురు అని ఇల్లిల్లు తిరిగి అడుగవలెను. సగటు మనుష్యుని గాక, అందరికంటె నెక్కువ సోకుటకు అవకాశము గల కుటుంబమును ఎంచుకొని, అందును పసివారిని వేరుగ లెక్కింపవలెను.

ఒక ఉదాహరణము చూతము. లీటరునకు 30 మైక్రోగ్రాముల యురేనియము గల నీటిని ఒకడు దినమునకు 2 లీటర్లు త్రాగెననుకొందము. ఏడాదికి 730 లీటర్లు. అందు సుమారు 550 బెక్వెరెళ్ల ధార్మికత. దానివలన దేహమునకు చేరు మోతాదు ఒక మిల్లీసీవర్టులో నూటికి మూడుపాళ్లకు మించదు. సహజముగ సోకుదానికి పైన ప్రజలకు ఏటికి 1 మిల్లీసీవర్టు హద్దుగా నిర్ణయింపబడినది. అట్లయిన భయము లేదందురా? తొందరపడరాదు. యురేనియము బరువైన లోహము; మూత్రపిండములకు హాని చేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు లీటరునకు 30 మైక్రోగ్రాములని హద్దు పెట్టినది ఈ రసాయన గుణమును చూచియే. కిరణముల లెక్క తక్కువయని తేలినంతమాత్రమున ఆ నీరు త్రాగదగినది కాజాలదు.

ఇక చిక్కంతయు ‘సహజముగ సోకుదానికి పైన’ అను మాటలో నున్నది. భూమినుండియు ఆకాశమునుండియు లోకమున సగటున ఏటికి 2.4 మిల్లీసీవర్టులు మనకు ఎట్లును సోకుచుండును. చోటునుబట్టి అది హెచ్చుతగ్గులుగ నుండును. వ్యాకరణము బోధించి వయసు గడపిన నాకు ఇది పరిచితమైన సమస్యయే. ప్రకృతి తెలియనిచో పదమునుండి ప్రత్యయమును విడదీయుటకు వీలుపడదు. గని తెరువకముందే బావులను, నేలను, గాలిని ఋతువు ఋతువునను కొలిచి వ్రాసియుంచిన పట్టికయే ఇచ్చట ప్రకృతి. అది లోపించినచో ఎగువ బావిని దిగువ బావితో పోల్చి, శుద్ధికి వాడిన సోడియము నీటిలో హెచ్చినదా యని జాడపట్టి, కొంతవరకే నిర్ణయింపవచ్చును.

కావున గని పొరుగున నున్నవారు అడుగవలసిన ప్రశ్నలు మూడు. గని రాకముందు మా బావిలో నెంత? ఇప్పుడెంత? ఎవరు, ఏ నెలలో కొలిచిరి? ఈ జవాబులు తెలుగున వ్రాసి పంచాయతీ గోడపై నుంచిననాడు వాదము సగము తీరును.